వెనక్కి నడుస్తూ రాసిన అక్షరాలు

మా హాల్లో టీవీ పైన ఒక ఫొటో ఉంది. ఏడు నెలల పిల్ల, పట్టు పరికిణీ, చేతిలో పెన్ను. ఇంటికి ఎవరొచ్చినా కోడలు దాన్ని చూపిస్తుంది. "అన్నప్రాశన రోజున పాక్కుంటూ వెళ్ళి సరిగ్గా పెన్నే పట్టుకుందండీ" అంటుంది.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. చాప మీద పుస్తకం, పెన్ను, బంగారపు గొలుసు, పువ్వులు, చిన్న కత్తి వరసగా పెట్టారు. నా మనవరాలు వాటి వంక కన్నెత్తి చూడలేదు. చాప దాటి, గుమ్మం దాటి, బాల్కనీలో ఉన్న తులసి కుండీ దాకా పాకి, గుప్పెడు మట్టి తీసి నోట్లో పెట్టుకుంది. పుస్తకం పట్టుకుంటే చదువు, గొలుసు పట్టుకుంటే సంపద అని చెప్పడానికి సిద్ధంగా ఉన్న పంతులుగారు, మట్టికి ఏం చెప్పాలో తోచక వాచీ చూసుకున్నారు. "ఫొటో మళ్ళీ తీద్దాం" అన్నాడు మా అబ్బాయి. పిల్ల నోరు కడిగారు. కుండీని బాత్‌రూంలో పెట్టి తలుపేశారు. పెన్నుని రెండడుగులు ముందుకు జరిపారు. రెండోసారి కూడా పిల్ల బాత్‌రూం వైపే బయల్దేరింది గానీ, దారిలో పెన్ను అడ్డొచ్చింది. టీవీ పైన ఉన్నది ఆ ఫొటోయే.

నా చదువుకి ఫొటోలు లేవు. మాది కృష్ణదేవిపేట దగ్గర పల్లె. నలభై ఏళ్ళు వరి నాట్లు వేశాను. యాభై నాలుగో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక అంగన్‌వాడీ గదిలో పది మంది ఆడవాళ్ళం, పిల్లల బల్లల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చునేవాళ్ళం. చెప్పడానికి వచ్చిన అమ్మాయి నా కూతురి వయసుది. నేను పట్టుకున్న పెన్సిల్ పట్టుకున్నట్టే విరిగేది. "నారు నొక్కినట్టు నొక్కకు పిన్నీ, అదేం నీళ్ళలో తేలిపోదు" అనేది. ఎలాగో అక్షరాలన్నీ వచ్చాయి. తలకట్టు మాత్రం లొంగలేదు. అక్షరం నెత్తి మీద బుద్ధిగా కూర్చోవలసింది, నా చేతిలో కొడవలి మొనలాగా పైకి లేచి, పై గీతని కోసుకుంటూ పోయేది. "ఫర్వాలేదు పిన్నీ, చదివేవాళ్ళకి తెలుస్తుందిలే" అంది ఆ అమ్మాయి చివరికి. అదే నాకొచ్చిన సర్టిఫికెట్టు.

మనవరాలు పుట్టాక నర్సీపట్నం వచ్చేశాను. అబ్బాయిది ఆఫీసు ఉద్యోగం. కోడలు యలమంచిలిలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆవిడ బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఆరవుతుంది. పిల్ల మూడున్నరకి స్కూలు ఆటో దిగుతుంది. ఆ మధ్య రెండున్నర గంటలూ పిల్ల నా చేతిలో ఉంటుంది. ఈ కథంతా ఆ రెండున్నర గంటల్లో జరిగింది.

పిల్ల యూకేజీకి వచ్చింది. దసరా సెలవులయ్యాక వాళ్ళ టీచరమ్మ పిలిపించింది. కోడలితో నేనూ వెళ్ళాను.

"పాపకి ఫైన్ మోటార్ స్కిల్స్ వీక్ అండీ" అంది టీచరమ్మ. నా మొహం చూసి, "వేళ్ళలో బలం లేదు మామ్మగారూ. పెన్సిల్ నిలబడట్లేదు" అని తెలుగులో చెప్పింది. "యాన్యువల్ ఎగ్జాంలో నాలుగు గీతల మధ్య రాయకపోతే ఫస్ట్ క్లాసుకి పంపలేం. మళ్ళీ యూకేజీయే."

ఇంటికొస్తూ ఆటోలో కోడలు ఫోన్లో ఏదో వెతుకుతూ కూర్చుంది. పిల్ల నా ఒళ్ళో కూర్చుని, తన బెంచీలో పక్కన కూర్చునే పిల్ల గురించి అడిగింది. ఇద్దరూ నర్సరీ నుంచీ జంట. ఒకే డబ్బాలో తింటారు.

"మామ్మా, అది ఫస్ట్ క్లాసుకి వెళ్ళిపోతే నా పక్కన ఎవలు కూసుంటారు?"

"నువ్వూ ఎల్తావు. ఊరుకో."

"టీచర్ వెళ్ళవంది కదా."

నేను దాని రిబ్బను విప్పి మళ్ళీ కట్టాను.

వారం తిరిగేసరికి ఇంటికొక డబ్బా వచ్చింది. అందులో ఇసక. ఊదారంగు ఇసక. చేతికి అంటదట, బట్టకి అంటదట, నీళ్ళు పోస్తే తడవదట. పిల్లల వేళ్ళకి బలం వస్తుందట. డబ్బా మీద రాసింది కూడబలుక్కుని నేనే చదివాను. "ఇంటి లోపల మాత్రమే వాడవలెను" అని కూడా ఉంది. దాని ఖరీదు కోడలు చెప్పలేదు, నేను అడగలేదు.

"అత్తయ్యా, రోజూ అరగంట దీంతో ఆడించండి. తర్వాత రెండు పేజీలు రైటింగ్. బయట మట్టిలోకి మాత్రం వదలకండి, ఇన్‌ఫెక్షన్లు."

మా బిల్డింగుకి ఆనుకుని ఒక ఖాళీ సైటు ఉంది. ఎవరో ఇల్లు మొదలుపెట్టి స్తంభాల దాకా లేపి ఆపేశారు. రెండు లారీల ఇసక, పక్కనే ఎర్రమట్టి కుప్ప అలాగే పడి ఉన్నాయి. గోడ పక్కన అడవి ఆముదం మొక్కలు పెరిగాయి. మా కిటికీలోంచి చూస్తే అదంతా కనిపిస్తుంది. పిల్ల ఊదారంగు ఇసకని రెండుసార్లు పిసికి, మూడోసారికి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మామ్మా, ఆ ఇసక తడుస్తాదా?"

"ఇసకన్నాక తడవదేటి."

"చూపించు."

అలా మొదలైంది. కార్తీక మాసం.

మొదటి రోజు ఒక చెంబుడు నీళ్ళు పట్టుకెళ్ళాను. కాలి మీద తడి ఇసక కప్పి, తట్టి, మెల్లగా కాలు లాగితే గూడు నిలబడుతుంది. నేను లాగితే నిలబడింది. దానిది కూలింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నా గూటి లోపలికి తొంగి చూసి, నా కాలు చూసి, చెంబు చూసి, "నీ ఇసకలో నీళ్ళెక్కువున్నాయి" అంది. ఇంకొంచెం పోసుకుంది. ఈసారి ఎక్కువై జారిపోయింది. ఎంత పోస్తే నిలుస్తుందో తెలుసుకోవడానికి దానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను నోరు విప్పలేదు. ఇది నా గొప్పతనం కాదు, ఎంత పొయ్యాలో నాకూ మాటల్లో తెలియదు. చేతికే తెలుసు.

ఆ పైన అడవి ఆముదం. ఆకు తుంచితే తొడిమ దగ్గర రసం కారుతుంది. గడ్డి పరకని సన్నటి ఉంగరంలా ముడేసి, ఆ రసంలో ముంచి ఊదితే బుడగలు లేస్తాయి. పరకని ముడెయ్యడం చిన్న పని కాదు. గట్టిగా లాగితే తెగుతుంది, మెల్లగా లాగితే జారుతుంది. షూ లేసు కట్టుకోలేదని టీచరమ్మ డైరీలో రాసిన పిల్ల, పది రోజుల్లో గడ్డి పరకలకి ముళ్ళు వేసింది. లేసు మాత్రం కట్టుకోలేదు. లేసులోంచి బుడగలు రావు కదా.

ఇక నాట్లు. వాన పడ్డ మర్నాడు ఎర్రమట్టి మెత్తగా ఉంటే నాకు చెయ్యి ఊరుకోలేదు. గడ్డి పీకి కట్ట కట్టి, నాటి చూపించాను. బొటనవేలు, రెండు వేళ్ళు, ఆ మూడిటి మధ్యా మొక్క. వేళ్ళు మట్టిలోకి దిగాలి, మొక్క నిలబడాలి, వేళ్ళు పైకి రావాలి. ఒక్కో వరస వేస్తూ వెనక్కి నడవాలి. పిల్ల చూసింది, చీర కుచ్చెళ్ళు దోపుకున్నట్టు యూనిఫారం దోపుకుని నా పక్కన వంగింది. టీచరమ్మ ఇచ్చిన కాగితం మీద పెన్సిల్ పట్టుకోవలసిన తీరు బొమ్మ ఉంది. బొటనవేలు, రెండు వేళ్ళు. నేను దాన్ని ఫ్రిజ్ మీద రోజూ చూస్తూనే ఉన్నాను. రెండూ ఒకటేనని మాత్రం తర్వాతెప్పుడో తట్టింది. చదువుకున్నవాళ్ళకి వెంటనే తట్టి ఉండేది, కాకపోతే వాళ్ళు నాట్లు వెయ్యరు.

పై వాటా ఆవిడ బట్టలు ఆరేస్తూ చూసి, "ఏటండి మామ్మగారూ, కాన్వెంటు పిల్లని కూలికి తీసుకెల్తన్నారా?" అంది.

"కూలేటమ్మా, ఇది హోంవర్కు" అన్నాను.

హోంవర్కు మాట అనేశాను గానీ, అసలు హోంవర్కు ఇంట్లో బ్యాగులో ఉంది. ఆ రోజు సైటులోంచి పైకొచ్చేసరికి ఐదున్నర. కాళ్ళు కడిగి, జేబుల్లో ఇసక దులిపి, గౌను మార్చేసరికి ఐదూ ముప్పావు. కొత్త పుస్తకం, మొదటి రెండు పేజీలు ఖాళీ. పిల్ల పెన్సిల్ పట్టుకుని ఆవులించింది. కింద గేటు చప్పుడైంది. నేను పెన్సిల్ లాక్కుని అ నుంచి మొదలుపెట్టి గబగబా నింపేశాను. కోడలు పేజీ తిప్పి చూసింది. "కొంచెం వంకరగా ఉన్నాయి గానీ, రాసింది" అంది. మర్నాడు ఆ పేజీ మీద ఎర్ర ఇంకుతో స్టార్ వచ్చింది. కింద 'గుడ్' అని ఉంది.

పిల్ల ఆడుకోవాలనే రాశానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. అరవై రెండేళ్ళలో నా చేతి పనికి ఎవరూ స్టార్ పెట్టలేదు. నాట్లకి అసలే పెట్టరు. రెండో రోజు పిల్ల పెన్సిల్ తీస్తే, "నువ్వెల్లి ఆడుకో, బేగి రా" అని నేనే పంపించాను. పుస్తకం పట్టుకుని సైటులో సిమెంటు దిమ్మ మీద కూర్చుని రాసేదాన్ని. అది ఇసకలో ఏదో గీసుకుంటూ ఉండేది. నేను పెద్దగా చూడలేదు. నా తలకట్లతో నాకు సరిపోయేది.

సంక్రాంతి వెళ్ళాక స్టార్లు ఆగాయి. 'తలకట్లు గీత దాటుతున్నాయి. ఐదుసార్లు తిరిగి రాయించండి' అని వచ్చింది. కోడలు పిల్లని నిలబెట్టింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? పైన టిక్కు బుద్ధిగా పెట్టమని చెప్పానా లేదా?"

పిల్ల తల వంచుకుంది. ఒక్కసారి నా వైపు చూసింది. నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు. అది నా తిట్లు తింటుంటే నేను చిక్కుడుకాయలు వొలుస్తూ కూర్చున్నాను. ఆ ఐదుసార్లూ మర్నాడు సైటులో నేనే రాశాను. అప్పటికీ తలకట్టు లేస్తూనే ఉంది.

ఎగ్జాం వచ్చింది, అయిపోయింది. నాలుగో రోజున టీచరమ్మ మళ్ళీ పిలిపించింది. ఖాళీ పేపరు ఇచ్చి ఉంటుంది, నా వల్లే మళ్ళీ యూకేజీ అనుకున్నాను.

టేబుల్ మీద రెండున్నాయి. ఒకటి హోంవర్కు పుస్తకం. రెండోది ఎగ్జాం పేపరు. పేపరు మీద అక్షరాలు గుండ్రంగా, గీతల మధ్యన, నెత్తిన తలకట్లు బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

"ఈ రెండూ ఒక చెయ్యి కాదండీ" అంది టీచరమ్మ. "నాలుగు నెలల్నుంచి ఇంటి దగ్గర ఇలా రాసిన పాప, ఎగ్జాంలో అలా ఎలా రాస్తుంది? పక్క పాప రాసిచ్చి ఉంటుంది. ఇద్దరూ బాగా క్లోజ్. ఆ పేరెంట్స్‌ని కూడా పిలిపిస్తున్నాను."

"నేనే రాశాను టీచర్" అంది పిల్ల.

"అయితే ఇప్పుడు రాయి."

కాగితం ఇచ్చింది. పెద్దవాళ్ళ టేబులు, పెద్దవాళ్ళ కుర్చీ. పిల్ల కాళ్ళు గాల్లో ఉన్నాయి. పెన్సిల్ రెండుసార్లు జారింది. మూడోసారి కింద పడి ఎక్కడికో దొర్లిపోయింది. పిల్ల కళ్ళ నిండా నీళ్ళు.

"చూశారా" అంది టీచరమ్మ కోడలితో, మెల్లగా, బాధపడుతున్నట్టే. "ఈ ఇయర్ పంపలేమండీ."

కోడలు మొహం చూశాను. చిక్కుడుకాయలు వొలిచిన రోజు గుర్తొచ్చింది. ఈసారి వొలవడానికి చేతిలో ఏమీ లేదు.

"ఆ పుస్తకం నాదండి" అన్నాను.

"అంటే, మీరు కొన్నారా మామ్మగారూ?"

"కొనడం కాదండి. అందులో రాతంతా నాది. ఈ గుంట ఒక్క పేజీ రాయలేదు."

ఆవిడ నమ్మలేదు. మనవరాలిని కాపాడుకోవడానికి ముసలమ్మ చెబుతోంది అనుకుంది. కోడలు నమ్మింది, అది ఆమె మెడ తిరిగిన తీరులోనే తెలిసింది. టీచరమ్మ ఇంకో పెన్సిల్ తీసి నా ముందు పెట్టింది.

"సరే, రాయండి."

నాకు జీవితంలో అదే మొదటి పరీక్ష. వంకరగా రాస్తేనే గట్టెక్కే పరీక్ష. బాగా రాశానా, పిల్ల మళ్ళీ యూకేజీ. ఇంత తెలిసీ, పెన్సిల్ పట్టుకున్నాక నా చెయ్యి ఏం చేసిందో చెప్పాలి: బాగా రాయాలని చూసింది. టీచరమ్మ ముందు, కోడలు ముందు, ఒక్కసారైనా ఆ తలకట్టుని కూర్చోబెడదామని ఊపిరి బిగబట్టింది. సిగ్గులేని చెయ్యి. అదృష్టం కొద్దీ తలకట్టుకి నా కంటే బుద్ధుంది. ఎప్పటిలాగే కొడవలిలా లేచి గీత దాటింది.

టీచరమ్మ నా కాగితాన్ని పుస్తకం పక్కన పెట్టి, మార్చి మార్చి చూసింది. "అయ్యో" అంది. "వీటికి నేను స్టార్లు పెట్టానా?"

"పెట్టారండి. పదకొండు."

"మరి ఎగ్జాం పేపరు?"

"అది దాన్నే అడగండి. కుర్చీలో వద్దు. కింద కూసోబెట్టి సుద్దముక్క ఇవ్వండి."

అలా ఎందుకన్నానో నాకు సరిగా తెలియదు. సైటులో అది ఇసక మీద ఏదో గీసేదని తెలుసు, అంతే. పిల్ల కుర్చీ దిగి, కళ్ళు తుడుచుకుని, టైల్సు మీద గొంతుక్కూర్చుంది. టేబుల్ కాళ్ళ దగ్గర అ రాసింది. ఒక అడుగు వెనక్కి జరిగి ఆ. ఇంకో అడుగు వెనక్కి, ఇ. అలా వెనక్కి వెనక్కి జరుగుతూ, వరస తప్పకుండా, గుమ్మం దాకా వెళ్ళింది. నడుము ఎత్తలేదు. గుమ్మం అవతల వరండాలో క రాసి, దాని నెత్తిన తలకట్టుని బుద్ధిగా కూర్చోబెట్టి, తర్వాతది మొదలుపెట్టబోతే టీచరమ్మ ఆపింది.

"చాలు చాలు. వెనక్కెందుకమ్మా జరుగుతున్నావ్?"

పిల్ల ఆవిడని జాలిగా చూసింది. "ముందుకెళ్తే తొక్కేస్తాం కదా టీచర్."

నాలుగు నెలలు నేను పుస్తకంలో తల దూర్చి నా అక్షరాలు దిద్దుకుంటుంటే, నా పక్కనే రెండు లారీల ఇసక మీద ఇదంతా జరిగిందన్నమాట.

"మెథడ్ బాగుందండీ" అంది టీచరమ్మ చివరికి. "ఎక్కడ నేర్పించారు?"

"ఇంట్లో సెన్సరీ శాండ్ కొన్నామండీ" అంది కోడలు, తడుముకోకుండా. "రోజూ అరగంట చేయించాం."

టీచరమ్మ ఆ డబ్బా పేరు డైరీలో రాసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటో ఎక్కాం. బలిఘట్టం మలుపు దగ్గర కోడలు నోరు విప్పింది.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"కార్తీకం నుంచి."

"స్టార్ వచ్చినప్పుడల్లా దీనికి చాక్లెట్ కొన్నాను నేను."

"సగం మామ్మకే ఇచ్చీసాను మమ్మీ" అంది పిల్ల.

కోడలు బయటికి తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమో అని భయపడ్డాను. నవ్వుతోంది. ఇంటికెళ్ళాక నవ్వు ఆపి తిట్టింది. ఆ తిట్లు నావే, నేనే తిన్నాను.

పిల్ల ఫస్ట్ క్లాసుకి వెళ్ళింది. బెంచీ కూడా మారలేదు, పక్కన పిల్ల కూడా మారలేదు. ఎండాకాలంలో సైటు వాళ్ళు పని మొదలుపెట్టి ఇసకంతా గోడలకి వాడేశారు. ఎర్రమట్టి కుప్ప మాత్రం మిగిలింది. ఇప్పుడు పిల్ల సాయంత్రాలు అక్కడే, దొంగతనంగా కాదు, పాత గౌను వేసుకుని. ఊదారంగు ఇసక స్కూల్లో నాలుగు డబ్బాలు కొన్నారట, ఒక మూల గదిలో పెట్టి యాక్టివిటీ కార్నర్ అని బోర్డు రాశారట.

నాకు మాత్రం కోడలు కొత్త నాలుగు గీతల పుస్తకం కొనిచ్చింది. "మీకంత ఇష్టమైతే మీ పుస్తకంలో రాయండి అత్తయ్యా. రోజూ రెండు పేజీలు. నేను దిద్దుతాను" అంది. దిద్దుతుంది కూడా. లెక్కల టీచరు కదా, స్టార్లు పెట్టడంలో పిసినారి. వానలు పడి ఎర్రమట్టి మెత్తబడిన ఒక సాయంత్రం, పిల్ల బురద చేతులతో పైకొచ్చి, "రా మామ్మా, నాట్లేద్దాం" అంది. "నా రెండు పేజీలు అవ్వలేదు" అన్నాను. వంటింట్లోకి వెళ్ళి రాత్రికి కూర తరిగి వచ్చేసరికి పేజీలు నిండి ఉన్నాయి. అంచు మీద ఎర్రటి వేలిముద్ర. నేనేమీ అనలేదు. కుచ్చెళ్ళు దోపుకుని దానితో కిందికి దిగాను.

ఆరు దాటాక కోడలు పుస్తకం తెరిచింది. ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు చూసింది.

"అత్తయ్యా, ఈ తలకట్లు బుద్ధిగా కూర్చున్నాయి."

"అవునమ్మా" అన్నాను.

"ఐదుసార్లు తిరిగి రాయండి" అంది.